ఉప్పు వేసినా నిలిచే ఎరుపు

మా వదిన బంగారాన్ని నీళ్ళలో కలిపి దానిమ్మ రసం రంగులోకి తెస్తుందని చెబితే టీ బండి దగ్గర ఒక్కడూ నమ్మలేదు. అదే, వ్యాను బ్రేకులు పోయినప్పుడు తలుపులోంచి కాలు బయటపెట్టి నేలకు ఆనించి ఆపానని, చెప్పు అరిగిందే తప్ప బండి మీద గీత పడలేదని చెబితే చప్పట్లు కొట్టారు. లోకం తీరే అంత. నిజం చెప్పేవాడి టీ చల్లారిపోతుంది.

నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. ఆగిందనడం కంటే, నాకు చెప్పడానికి మాస్టార్ల దగ్గర సరుకు అయిపోయిందనడం న్యాయం. గోరంతను కొండంత చేసే అలవాటు నాకున్న మాట నిజమే. కానీ ఇప్పుడు చెప్పబోయేదానికి ఆ అవసరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితేనే నాకు నోట్లో తడి ఆరిపోతుంది.

మా వదిన పుట్టు భయస్తురాలు. పనికి బయల్దేరి వీధి మలుపు దాకా వెళ్ళి, గ్యాసు కట్టేశానో లేదోనని వెనక్కి వస్తుంది. తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, మూడోసారి నన్ను లాగమంటుంది. "నేను లాగితే గొళ్ళెం ఊడి చేతికొస్తుంది వదినా, నా బలం నీకు తెలీదు" అంటే, "నీ బలమంతా నాలిక్కే ఉందిరా కోతలరాయుడూ" అంటుంది. ఇంట్లో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. ఆ బిరుదు వదిన ఇచ్చిందే.

ఆమె చేసేది పరీక్ష పట్టీలు తయారుచేసే చోట. వేలంత పొడుగు ప్లాస్టిక్ పెట్టె, అందులో తెల్లటి పట్టీ. ఛాతీలో నొప్పని వచ్చినవాడి వేలి కొసన సూది గుచ్చి, రక్తం బొట్టు దాని మీద వేస్తారు. పదిహేను నిమిషాల్లో ఎర్ర గీత లేస్తే గుండెకు దెబ్బ తగిలినట్టు. లేవకపోతే, అప్పటికి తగల్లేదన్నట్టు. ఆ గీతలో కనబడే ఎరుపు సిరా కాదు, బంగారం. అక్కడ మొదట్లో గాజుసామాను కడగడానికి చేరిన మనిషి మా వదిన. నేను ఆ పట్టీల పెట్టెలను వ్యానులో ఆసుపత్రులకు చేరవేసే మనిషిని. అంటే వదిన తయారుచేస్తుంది, నేను ప్రాణం పోస్తాను అని అందరికీ చెబుతుంటాను.

గాజు కడిగే మనిషి బంగారు గదిలోకి ఎలా వెళ్ళిందో చెప్పాలి. అక్కడ గాజు కూజాలో శుద్ధి చేసిన నీళ్ళు మరుగుతుంటాయి. అందులో బంగారు లవణం కలిపిన లేత పసుపు ద్రవం పోస్తారు. తర్వాత నిమ్మ ఉప్పు జాతికి చెందిన ఇంకో ద్రవం. పసుపు పోయి నీళ్ళు తేటపడతాయి. ఉన్నట్టుండి సిరా ఒలికినట్టు నల్లబడతాయి. కొత్తవాళ్ళు అక్కడే గుండెలు బాదుకుంటారు. కాస్త ఆగితే ఆ నలుపు ఊదాలోకి, ఊదా ఎరుపులోకి తిరిగి, దానిమ్మ రసంలా నిలుస్తుంది. పదహారేళ్ళ క్రితం ఒకనాడు, కడిగిన గాజు గొట్టాలు అందించడానికి వెళ్ళిన వదిన ఆ కూజా వైపు చూసి, "సార్, ఇది నిన్నటి ఎరుపు కాదు" అంది. అక్కడున్న చదువుకున్నవాళ్ళు నవ్వారు. పెద్దసారు, అంటే ఆ సంస్థ పెట్టిన రసాయన శాస్త్రం మనిషి, నవ్వకుండా కాస్త ద్రవం తీసి రంగులు కొలిచే యంత్రంలో పెట్టాడు. యంత్రం కూడా అదే మాట చెప్పింది. మర్నాటి నుంచి వదిన గాజు కడగలేదు.

పెద్దసారు ఆమెకు ఆ ఎరుపు గుట్టు చెబుతున్నప్పుడు నేనూ అక్కడే పెట్టెలు ఎత్తుతున్నాను. "ఈ రేణువు ఎంతుంటుందంటే, తలవెంట్రుక మందం మీద వరసగా పేరిస్తే రెండు వేలు పడతాయమ్మా. గిన్నెలో నీళ్ళు మోసుకెళ్తే గబగబా తొణుకుతాయి. తొట్టిలో నీళ్ళయితే నింపాదిగా ఊగుతాయి. ఏ పాత్రకు ఆ ఊపు. బంగారు రేణువులో కూడా అలా తొణికేవి ఉన్నాయి, ఎలక్ట్రాన్లు. వెలుగు వచ్చి వాటిని ఊపుతుంది. రేణువులు విడివిడిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ వెలుగు ఊపు వాటికి సరిగ్గా కుదురుతుంది. దాన్ని మింగేస్తాయి. మిగిలిన ఎరుపు మనకొస్తుంది. అవే గుంపుగా అతుక్కున్నాయనుకో, గిన్నె కాస్తా తొట్టి అయినట్టు. ఊపు మందగిస్తుంది. అప్పుడు ఎరుపు వెలుగును మింగి, నీలం వదుల్తాయి."

వదిన కాసేపు ఆలోచించి, "అంటే విడివిడిగా ఉంటే ఎర్రగా కళకళ్ళాడతాయి, ఒక్కచోట చేరితే మొహాలు మాడతాయి. తోడికోడళ్ళన్నమాట" అంది. పెద్దసారు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఈ గుట్టు మీదే ఉప్పు పరీక్ష నడుస్తుంది. గుండె దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి దిగే పదార్థాన్ని పట్టుకోవడానికి ఒక్కో రేణువుకు పూత పూస్తారు. పూత సరిగ్గా అంటిందో లేదో తెలియడానికి కొంచెం ద్రవంలో ఉప్పునీళ్ళు వేస్తారు. ఉప్పు తగిలితే రేణువులు ఒకదాని మీదొకటి పడిపోవాలని చూస్తాయి. పూత గట్టిగా ఉంటే పడనివ్వదు, ఎరుపు ఎరుపులాగే నిలుస్తుంది. పూతలో లోపముంటే పది నిమిషాల్లో ఊదాకు తిరుగుతుంది. ఆ తడవ చేసిందంతా పారబోయడమే. ఈ పరీక్ష యంత్రమూ చేస్తుంది, వదినా చేస్తుంది. ముందు వదిన చూసి చెప్పాలి, తర్వాత యంత్రం ఔననాలి. పదహారేళ్ళలో ఆ యంత్రం ఆమెతో ఒక్కసారైనా పేచీ పెట్టలేదు.

అసలు ప్రమాదం అక్కడే ఉందని మాకెవరికీ తట్టలేదు.

యంత్రంలో బల్బు మాడిపోయింది. కొత్తది రావడానికి రెండు వారాలన్నారు. "అంతదాకా నీ కళ్ళున్నాయిగా అమ్మా" అన్నాడు పెద్దసారు. ఆ మాటకు వదిన మొహం వెలిగిపోవడం చూసి నేను ఇంట్లో ఆట పట్టించాను కూడా. "ఇక నీకే ఫ్యూజు పోకుండా చూసుకో వదినా" అన్నాను. తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజుల్లో మూడు తడవలు పట్టీలు తయారయ్యాయి.

పదో రోజు సెలవు. మా అన్నయ్య దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను. ఏ గుడ్డకు ఏ దారమో ఎంచిపెట్టడం మొదట్నుంచీ వదిన పని. ఆ పొద్దున ఒక గుడ్డ ముక్క చేతిలో పట్టుకుని, దారపు ఉండల డబ్బా వెతికి ఒకటి తీసి మిషను మీద పెట్టింది. నేను టీ తాగుతూ చూశాను.

"ఏం వదినా, ముదురెరుపు జాకెట్టుకి ఊదా దారం వేస్తున్నావా? కొత్త ఫ్యాషనా? కుట్టించుకునే ఆవిడ ఊదా రంగు వచ్చేదాకా తిడుతుంది."

"పొద్దున్నే నీ వెటకారం మొదలుపెట్టకు. ఇది ఎరుపే."

"ఊదా."

"ఎరుపురా!"

"అన్నయ్యా, నువ్వు చెప్పు. ఇది ఎరుపయితే నేను మంత్రిని."

అన్నయ్య కత్తెర తీసుకుని లేని దారప్పోగు కత్తిరించాడు. ఏ గొడవలోనైనా ముందు నన్ను తిట్టే మనిషి. ఆ రోజు తిట్టలేదు. వదిన ఆయన వైపు తిరిగింది.

"ఏమండీ, ఎరుపు కదూ?"

"పోనీలే, ఏదైతే ఏం" అన్నాడాయన.

"ఏదైతే ఏం కాదు. చెప్పండి."

"ఊదానే" అన్నాడు అన్నయ్య నేల చూపులు చూస్తూ. "రెండు నెలల నుంచీ అప్పుడప్పుడూ ఇలా ఇస్తున్నావు. నువ్వు పనికి వెళ్ళాక నేను మార్చుకుంటున్నాను. చెబితే బెంబేలెత్తిపోతావని…"

నేను నవ్వబోయాను. వదిన మొహం చూసి టీ గ్లాసు కింద పెట్టాను. కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ దారపు ఉండను వెలుగులో పట్టుకుంది. ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది. కొన్నాళ్ళుగా ఇంట్లో బల్బులు మసకేస్తున్నాయని గోల చేస్తూ నాతో రెండుసార్లు మార్పించింది. బల్బులు బాగానే ఉన్నాయి.

"నాకిది ఎర్రగానే కనబడుతోంది" అంది నెమ్మదిగా. తర్వాత ఇంకా నెమ్మదిగా, "ఉప్పు వేశాక ఊదాకి తిరిగినా నాకు ఎర్రగానే కనబడుతుంది" అంది.

అన్నయ్యకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నిన్న పొద్దున మూడో తడవ పెట్టెలను వ్యానులో ఎక్కించుకుని వెళ్ళింది నేనే.

"ఎక్కడిచ్చావు?" వదిన నా చెయ్యి పట్టుకుంది.

"బస్టాండు పక్క క్లినిక్కులో రెండు పెట్టెలు. మిగతాది మన గోదాములోనే ఉంది."

"మొదటి రెండు తడవలు?"

"ఇంకా బయటికి పోలేదు. అడుగున పడ్డాయి, నిన్న పైనున్న పెట్టెలే ఎక్కించుకుపోయాను."

"పద."

"ముందు సారుకి ఫోన్…"

"ఏమని చేస్తాను? నా కళ్ళు పోయాయేమో, పోలేదేమో అని చేస్తానా? ముందు చూడాలి. పద."

గ్యాసు చూసుకోకుండా, తాళం లాగకుండా వదిన గడప దాటడం అదే మొదటిసారి. అన్నయ్య గుమ్మంలో నిలబడి, "నేనూ రానా?" అన్నాడు. వదిన చెప్పులు తొడుక్కుంటూ తల ఎత్తకుండానే, "నామీద జాలిపడి దారాలు మార్చుకున్నారు. బాగుంది. ఇంట్లో కూర్చోండి" అంది. ఆయన అక్కడే నిలబడిపోయాడు.

సెలవు రోజు కావడంతో సంస్థలో కాపలా తాత ఒక్కడే ఉన్నాడు. బంగారు గది తాళంచెవి వదిన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. లోపల చల్లపెట్టెలో ప్రతి తడవ నుంచీ నమూనా దాస్తారు, గుళిక సీసాలంత బుడ్లలో. మూడు బుడ్లు తీసింది. మూడు చిన్న గాజు గొట్టాల్లో కొలిచి పోసింది. ఒక్క చుక్క పక్కన పడలేదు. ఉప్పునీళ్ళు వేసి, గోడ గడియారం చూసి, గొట్టాల వెనక తెల్ల కాగితం నిలబెట్టింది.

"నువ్వు చూడు" అంది.

"నేనా?"

"నాకు మూడూ ఎరుపే. నువ్వు చెప్పాలి."

పది నిమిషాలు. ఆ గదిలో చల్లపెట్టె గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. పోలీసులు వెంటబడితే గోడలు దూకిన కథలు నా దగ్గర ఏడో ఎనిమిదో ఉన్నాయి. వాటిలో ఎక్కడా ఇంత భయం లేదు, అవి జరగలేదు కాబట్టి. మూడు గొట్టాలనూ కళ్ళలో వత్తులు వేసుకుని చూశాను. మొదటిది దానిమ్మ రసం. రెండోది దానిమ్మ రసం. మూడోది… నాలుగు నిమిషాల దాకా అదీ అంతే. ఐదో నిమిషానికి అంచున ఏదో మబ్బు కమ్మినట్టు అయింది. ఏడుకు నేరేడు పండు తిన్నాక నాలుక మీద నిలిచే రంగు.

వదిన గొట్టాలను చూడటం లేదు. నా మొహం చూస్తోంది.

ఎరుపే వదినా అని అనేద్దామనిపించింది. ఒక్క మాట. ఆమె కూలబడి ఊపిరి తీసుకునేది, ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం. నేను చెప్పిన వేల అబద్ధాల్లో అంత తేలికైనది లేదు. నోరు తెరిచాను కూడా.

"ఒట్టు?" అంది వదిన, నేనింకా ఏమీ చెప్పకముందే.

"మూడోది ఊదా."

"ఎంత ఊదా?"

"బాగా ఊదా వదినా. పొద్దున దారం కంటే ఊదా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోన్ తీసి పెద్దసారుకు చేసింది. "సార్, మూడో తడవ పూత పట్టలేదు. నేను పట్టిందని రాశాను. నా కళ్ళు ఊదాను చూడటం లేదు సార్. క్లినిక్కుకి రెండు పెట్టెలు వెళ్ళాయి" అని ఒక్క గుక్కలో చెప్పింది. ఆ తర్వాత ఆయన గొంతు నాకూ వినబడింది. "గోదాము తలుపు వేసి మీరు వెళ్ళండి. బల్బు పోకముందు చేసిన పెట్టె ఒకటి తీసుకెళ్ళండి. క్లినిక్కుకి నేను ఫోన్ చేస్తాను, మిగతావాళ్ళతో నేను మాట్లాడతాను. అమ్మా, అన్నిటికంటే ముందు, ఇప్పటికి ఎన్ని పట్టీలు వాడారో అడగండి."

వ్యానులో వదిన ఆ మంచి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను హారన్ మీద చెయ్యి తియ్యలేదు. దారిపొడవునా ఆమె ఒకటే ప్రశ్న. "నిన్న ఎన్నింటికిచ్చావు?" పదకొండుకన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ పదకొండే అన్నాను. ఆ జవాబు మారితే బాగుండునన్నట్టు అడుగుతూనే ఉంది.

క్లినిక్కులో నర్సు మమ్మల్ని చూడగానే రెండు పెట్టెలూ బల్ల మీద పెట్టింది. పెద్దసారు అప్పటికే ఫోన్ చేసినట్టున్నాడు. ఒకటి సీలు కూడా తియ్యలేదు. రెండోది తెరిచి ఉంది.

"నాలుగు వాడామండి" అంది నర్సు. "పట్టీ పనిచేసిందని తెలియడానికి ఇంకో గీత వస్తుంది కదా, అది కాస్త పాలిపోయినట్టు వచ్చింది. వచ్చిందిగా అనుకున్నాం."

"నలుగురికీ గుండె గీత రాలేదా?" అంది వదిన.

"రాలేదు. కానీ ఇద్దరికి ఈసీజీ గ్రాఫులోనే తేడా ఉందని డాక్టరుగారు పట్టీని పట్టించుకోకుండా పెద్దాసుపత్రికి పంపేశారు. మూడో ఆవిడకు ఇప్పుడే ఫోన్ చేశా. కొడుకు తీసుకొస్తున్నాడు. 'నిన్నంతా కూర్చోబెట్టి ఇవాళ మళ్ళీ రమ్మంటారా' అని నన్ను చెడామడా తిట్టింది. ఆ తిట్లు చూస్తే ఆవిడ నూరేళ్ళు బతుకుతుంది."

"నాలుగో మనిషి?"

నర్సు రిజిస్టరు తిప్పింది. "బస్సు కండక్టరు. సాయంత్రం వచ్చాడు. గ్రాఫు బాగానే ఉంది. గీత లేదు. గ్యాసేమోనని మాత్ర ఇచ్చి, ఆరు గంటలాగి మళ్ళీ పరీక్షకి రమ్మన్నాం. రాలేదు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు."

వదిన కుర్చీ చేయి పట్టుకుంది. "డ్యూటీలో ఉంటే ఎత్తరు" అన్నాను నేను. డిపోలో నాకు తెలియని డ్రైవరు లేడు. ఈ మాట కోత కాదు, రోజూ వాళ్ళతో పార్కింగు కోసం తగాదా పడతాను. బస్టాండులోకి పరిగెత్తి అడిగితే, పొద్దున డ్యూటీ ఎక్కాడని, బండి ఇప్పుడు ఊరి చివర ఆఖరి స్టాపు దారిలో ఉంటుందని చెప్పారు.

సినిమాల్లోనైతే ఆ బస్సును నేను గాల్లో ఎగిరి పట్టుకోవాలి. నిజంగా జరిగింది ఏమిటంటే, రెండు కూడళ్ళలో ఎర్ర దీపం, ఒకచోట రోడ్డు తవ్వకం, ఒకచోట ఎదురుగా ఇటుకల లారీ వెనక్కి వెళ్తూ. దీపం ఎర్రగా ఉన్నంతసేపూ వదిన దాన్నే చూస్తూ, "అది ఎర్రదేనా?" అని అడిగింది. ఔనన్నాను. "అది కనబడుతోంది" అంది.

ఆఖరి స్టాపులో బస్సు ఆగి ఉంది. జనం దిగిపోయారు. కండక్టరు వెనక మెట్టు మీద కూర్చుని సీసాలో నీళ్ళు తాగుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. నీడలోనే కూర్చున్నా చొక్కా వీపు మొత్తం తడిసి ఉంది. ఎడమ దవడ రుద్దుకుంటున్నాడు.

"అన్నా, నిన్న క్లినిక్కులో పరీక్ష చేయించుకుంది మీరేనా?" అంది వదిన.

"ఔనమ్మా. ఏం లేదన్నారు. గ్యాసంట. మీరెవరు?"

"ఆ పరీక్ష తప్పు చెప్పి ఉండొచ్చు. మళ్ళీ చెయ్యాలి. మాతో రండి."

"ఇప్పుడా? పావుగంటలో బండి తియ్యాలి." నవ్వబోయి దగ్గాడు. "తప్పు చెప్పిందని ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను. దాన్ని చేసింది నేనే."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. నేను మధ్యలో దూరి, "ఈవిడ పెద్ద సైంటిస్టు సార్, విమానంలో దిగింది" అని మొదలుపెట్టబోయాను. వదిన నా వైపు చూసిన చూపుకు నోరు దానంతటదే మూతబడింది.

"నేను సైంటిస్టునీ కాను, డాక్టర్నీ కాను" అంది. "ఆ పట్టీలో గీతకి ఎరుపు కలిపేదాన్ని. మొన్న కలిపినప్పుడు చెడిపోయింది. నాకు కనబడలేదు. మంచిదని చెప్పేశాను. దాని మీదే మీకు ఏం లేదన్నారు. నొప్పి ఎక్కడుందన్నా?"

"దవడ. భుజం కూడా కాస్త లాగుతోంది" అన్నాడాయన. అంతవరకూ గ్యాసే అనుకున్నవాడు ఆ మాట పైకి అన్నాక తనే విని భయపడ్డట్టు ఆగిపోయాడు. సీసా కింద పెట్టాడు. "నిజం చెప్పమ్మా. అంత ప్రమాదమా?"

"నాకు తెలీదన్నా. తెలీకే భయంగా ఉంది. రండి."

డ్రైవరు వచ్చి, నేను డిపోకి చెప్తాలే వెళ్ళు అన్నాడు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని నడిపించి వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టాం. వదిన వెనక ఖాళీ అట్టపెట్టెల మధ్య కూర్చుని ఆయన భుజం వదల్లేదు. నేను మెల్లగా నడపాలో వేగంగా నడపాలో తెలియని ఒకే ఒక్క రోజు అది. గుంత వస్తే ఆయన మూలుగు, నెమ్మదిస్తే వదిన ఊపిరి.

క్లినిక్కులో మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు గ్రాఫు తీస్తుండగా, నర్సు మేము తెచ్చిన పెట్టెలోంచి పట్టీ తీసింది. రక్తం బొట్టు వేసింది. పట్టీని కిటికీ పక్క బల్ల మీద పెట్టింది. వదిన దాని ముందు నిలబడింది. పదిహేను నిమిషాలు.

ఏది కోరుకోవాలో ఆమెకే తెలియడం లేదని నాకు అర్థమైంది. గీత రాకపోతే ఆ మనిషి బాగున్నట్టు. కానీ గీత రాకపోవడాన్ని నమ్మే ధైర్యం ఆమెకు ఇక లేదు. గీత వస్తే నిన్నటి నుంచి ఆయన గుండె దెబ్బతింటూనే ఉన్నట్టు, అది ఆమె చేతిమీదుగా జరిగినట్టు. తెల్ల పట్టీ మీద తడి పాకుతోంది. లేత గులాబీ నీడ ఒకటి పైకి పోయింది. మొదట పైగీత తేలింది, ఈసారి పాలిపోకుండా నిక్కచ్చిగా.

"వచ్చిందా అమ్మా?" మంచం మీంచి కండక్టరు అడిగాడు.

"పైది వచ్చిందన్నా. అది పట్టీ మంచిదని చెప్పేది."

"రెండోది?"

వదిన వంగింది. నేనూ వంగాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఉందో లేదో అన్నట్టు. తర్వాత ఉంది.

"ఎరుపేనా?" అని నన్ను అడిగింది. తల ఊపాను. మంచం వైపు తిరిగి, "వచ్చిందన్నా" అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ తర్వాత అన్నీ గబగబా జరిగాయి. మాత్రలు నమిలించారు, చేతికి సూది పెట్టారు, పెద్దాసుపత్రి నుంచి అంబులెన్సు వచ్చింది. భార్య వేరే ఊళ్ళో ఉందట, బయల్దేరింది. స్ట్రెచరు ఎక్కించాక అంబులెన్సు మనిషి, "తోడు ఎవరు?" అని అరిచాడు. "నేను" అంది వదిన. "ఏమవుతారు?" "ఏమీ కాను" అంటూనే ఎక్కి కూర్చుంది.

కండక్టరు బతికాడు. మూసుకున్న రక్తనాళం తెరిచారు. గుండెలో కొంత భాగం మాత్రం ఇక పూర్తిగా పనిచెయ్యదని, ఇంకో పూట ఆలస్యమైతే మాట్లాడుకునే పనే ఉండేది కాదని డాక్టర్లు చెప్పారు. మూడో ఆవిడకు ఏమీ లేదు, వచ్చి ఇంకోసారి తిట్టి వెళ్ళింది. పూత మందు సీసా ఒకటి పాతబడిందని తేలింది. ఏ రోజైనా జరిగే పొరపాటే. పట్టుకోవడానికే వదిన ఉంది. వదిన రెండు కళ్ళలోనూ శుక్లం. అది పసుపు గాజులా అడ్డం నిలబడి నీలాన్ని లోపలికి రానివ్వడం లేదట. ఊదాలోంచి నీలం తీసేస్తే మిగిలేది ఎరుపే కదా. ఈ ముక్క పెద్దసారు చెప్పినప్పుడు వదిన, "గొట్టంలో జరిగేదే నా కంట్లోనూ జరిగింది" అంది.

ఆయన ఆమెను పొమ్మనలేదు. తప్పు తనదేనని, ఒక్క మనిషి కంటి మీద అంత బరువు పెట్టింది తనేనని అందరి ముందూ అన్నాడు. ఆపరేషన్లు అయ్యాయి. ఇప్పుడు ఊదా కనబడుతుంది, ఆకాశం ఇంత నీలంగా ఉండేదా అని మూడు రోజులు గొడవ చేసింది. ఉప్పు పరీక్షకు ఇప్పుడు ముగ్గురు చూస్తారు, చూసింది ఒకరికొకరు చెప్పకుండా కాగితం మీద రాస్తారు, యంత్రం కూడా ఔనంటేనే పెట్టెలు కదుల్తాయి. వదిన కాగితం అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కండక్టరు సంస్థకే వచ్చాడు. సన్నబడ్డాడు, నవ్వుతున్నాడు. ఆవిడను ఒకసారి చూసి పోతానన్నాడు. నేను ఎగిరి గంతేసి లోపలికి వెళ్ళి చెప్పాను.

వదిన గాజు కడిగే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

"వదినా, తిట్టడానికి రాలేదు. చేతిలో పళ్ళు కూడా ఉన్నాయి."

"లేనని చెప్పు."

"నేను అబద్ధం చెప్తే ఆయన నమ్మడు."

"అయితే ఉన్నానని చెప్పు. రాలేనని చెప్పు."

కండక్టరు తలుపు దాకా వచ్చాడు. ఆ పక్క నీళ్ళు పారుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది, పంపు తిప్పి పెట్టుకుంది. ఆయన తలుపు తట్టలేదు. "అమ్మా, ఇవాళ మళ్ళీ డ్యూటీలో చేరాను. అది చెబుదామనే వచ్చాను" అన్నాడు. కాసేపు నిలబడ్డాడు. పళ్ళ సంచి గోడవారగా పెట్టి, వస్తానని నాకు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

గేటు మూసిన చప్పుడు అయ్యాక లోపల పంపు ఆగింది. గడియ తియ్యడానికి మాత్రం ఇంకా చాలాసేపు పట్టింది.